పనికొచ్చే మనిషి

వియన్నాలో న్యాయశాఖ సలహాదారు కాస్పర్ వైడింగర్ దొరగారి గది. సోమవారం, మధ్యాహ్నం కావస్తోంది. గోడమీద ఆయన బొమ్మే, బల్లమీద ఆయన రాసిన పుస్తకమే. నది రేవులో బట్టలుతికే వాల్బుర్గా ఆయన ఎదురుగా మోకాళ్లమీద ఉంది.

“లే, లే, ముందు లే అమ్మా! మోకాళ్లమీద పడటాలూ చేతులు ముద్దెట్టుకోవడాలూ వద్దని చక్రవర్తిగారే ఆజ్ఞ ఇచ్చారు. వినలేదా?”

“విన్నామండి. నాకు తెలుసు గానీ నా మోకాళ్లకి తెలియదు కదా. అలవాటు పడి చచ్చాయి.”

“కూర్చో. ఆ కుర్చీలోనే కూర్చో. ఈ గదిలో నువ్వూ నేనూ ఒకటే.”

“నిలబడే ఉంటా దొరగారూ. జైలు దగ్గర్నుంచి ఇటే వచ్చా. చీలమండల దాకా గడ్డీ గాదమూ అంటుకుని ఉంది, మీ పట్టు కుర్చీ పాడవుతుంది.”

“సరే, నీ ఇష్టం. ఆ మూటేమిటి?”

“మీకేనండి. గసగసాల రొట్టె. మూడేళ్ల కిందట మా పెద్దాడికి ఉరి తప్పించినప్పుడు తెచ్చానే, అదే.”

“గుర్తులేకేం! పెద్దాడు... వీట్ కదూ? సారాకొట్టులో కత్తి దూసి మనిషిని చంపాడు. అదిగో చూడు, గోడమీద నా బొమ్మలో నిన్నూ వేయించి, నీ చేతికి రొట్టె పెట్టించాను.”

“చూశానండి. నా కాళ్లకే జోళ్లు పెట్టించలేదు.”

“ఏమిటీ?”

“ఆ చిత్రకారుడు బాబు నన్ను ఉత్తకాళ్లతో వేశాడండి. ఆ రోజు నేను జోళ్లు తొడుక్కునే వచ్చా. మీ ఇంటికి కదా అని పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చుకుని మరీ.”

“అది కళ అమ్మా! చూసేవాళ్లకి జాలి పుట్టాలి కదా. ఎంతమంది వచ్చి చూశారో తెలుసా? ఒక జర్మన్ సంస్థానాధీశుడు అచ్చం ఇలాంటిదే ఇంకొకటి వేయించుకుని పట్టుకెళ్లాడు. నాటకశాలలో దీనిమీద సంగీత నాటకమే కట్టారు. చివర్లో రాజు ఉరితాడు తెంచేస్తాడు, అందరూ నిలబడి పాడతారు.”

“ఆ పాట మా రేవు దాకా వచ్చిందండి. దుప్పట్లు బాదేటప్పుడు మా ఆడవాళ్లు పాడుకుంటారు.”

“పాడుకుంటారా! చూశావా మరి. ఇదే కావాలి నాకు. రాజుగారి గదిలో పుట్టిన ఆలోచన రేవు దాకా రావాలి. రొట్టె బాగుంది. చాలా బాగుంది. నీకు గసగసాలు బాగా కుదురుతాయి.”

“చిన్నప్పట్నించీ వాటితోనే బతుకండి. పిల్లలు చంటాళ్లప్పుడు నేను రేవుకి పోవాలి కదా, చూసేదెవరు? గసగసాల కాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లు చెంచాడు పోసేదాన్ని. సాయంత్రం దాకా కిక్కురుమనేవాళ్లు కాదు. మా పేటలో తల్లులందరం అంతే.”

“అదిగో, అదే తప్పు! వైద్యులు దానిమీద పుస్తకమే రాశారు. ఒక చెంచా ఎక్కువైతే పిల్లాడు ఇంక లేవడు. పుస్తకం వచ్చి రెండేళ్లయింది, మీరేమో ఇంకా...”

“మాకు చదువులు రావు కదండీ. చెంచాతో కొలుచుకునేవాళ్లం, అంతే.”

“సరేలే. ఇంతకీ ఏం పనిమీద వచ్చావు?”

“రెండోవాడి సంగతండి. లెంజ్.”

“ఊఁ. కాగితం చూశాను. మూసేసిన మఠంలోంచి వెండి గిన్నె దొంగిలించాడు. ఏం పిల్లలమ్మా నీ పిల్లలు! సన్యాసినులు ఊరికే కూర్చుని జపం చేసుకుంటున్నారు, ఎవరికీ పనికిరావడం లేదు, మూసేసి ఆ సొమ్ముతో బళ్లు పెడదామని చక్రవర్తిగారు చూస్తుంటే, నీ కొడుకు అందులోంచి పట్టుకుపోయాడు. ఎలా ఉన్నాడు?”

“నిద్రపోతున్నాడండి.”

“ఈ వేళప్పుడా?”

“ఆఁ. నిద్రపోతున్నాడు. రేపు పడవెక్కిస్తారట కదా.”

“రేపే. హంగరీకి. పదేళ్లు పడవలు లాగాలి. పదేళ్లే అమ్మా, పాత రోజుల్లో అయితే మెడకి తాడు పడేది.”

“దానికే వచ్చానండి. ఒక్కటే మనవి. ఉరి వేయించండి.”

“ఎవరికి?”

“లెంజ్‌కి.”

“ఏమిటి నువ్వంటున్నది?”

“ఉరండి. సంతకం మీదే కదా. పడవలు అన్నచోట కొట్టేసి ఉరి అని రాయండి.”

“నీకేమైనా మతి పోయిందా? మూడేళ్ల కిందట ఇదే గదిలో, ఇదే చెయ్యి పట్టుకుని, నా బిడ్డకి తాడు తప్పించావు తండ్రీ అని ఏడ్చింది నువ్వు కాదూ?”

“నేనేనండి. గోడమీదే ఉన్నా కదా, కాదంటే మాత్రం చెల్లుతుందా?”

“మరి?”

“తాడైతే ఒక్క పూటండి. పాదిరీగారు వస్తారు, నాలుగు మంచి మాటలు చెప్తారు. తర్వాత ఒళ్లు నాకిచ్చేస్తారు. కడుక్కుని, మంచి బట్ట వేసుకుని, మా ఆయన పక్కన పెట్టుకుంటా. అంతేనండి నేనడిగేది.”

“అమ్మా, నా మాట విను. ఉరితీసినవాడు ఎవడికి ఉపయోగం? చెప్పు. కాకులకి. బతికున్నవాడు తను చేసిన తప్పుకి తన రెక్కల కష్టంతో బదులు తీరుస్తాడు. నేను ఎనిమిదేళ్లు వాదించాను దీనికోసం. పండితులు నవ్వారు, పాదిరీలు తిట్టారు. రాజు చేతిలోంచి గొడ్డలి లాక్కోవడమంటే మాటలా?”

“ఉపయోగమే దొరగారూ, కాదనను. నా ఒక్క కొడుకు సంగతే అడుగుతున్నా.”

“ఒక్కడికని మార్చడానికి వీల్లేదు. పాత రాజులు చేసిందే అది, ముఖం చూసి బొట్టుపెట్టడం. మొన్న ఒక జమీందారు దొంగసంతకం పెడితే ఆయన్నీ పడవలకే పంపాం. ఆయన తల్లి నీకంటే ఎక్కువ ఏడ్చింది. చట్టానికి కళ్లు లేవు.”

“అయితే కుదరదు.”

“కుదరదు.”

“కాదు అనేనా మీ మాట?”

“కాదనే.”

“ఇంకే దారీ లేదు?”

“ఏ దారీ లేదు.”

“అమ్మయ్య.”

“ఏమన్నావు?”

“ఏం లేదండి. చాలు. మీ టైము పాడుచేశా. వస్తాను.”

“ఆగు. ఆగమంటున్నానా! కొడుక్కి ఉరి వెయ్యమని అడుగుతావు, కాదంటే అమ్మయ్య అంటావు. ఇదేం మాట?”

“అలసిపోయి ఏదో అన్నానండి. పోనివ్వండి నన్ను.”

“పోనివ్వను. పడవలంటే నీకెందుకంత భయం? మీ ఆయన చేసింది ఆ పనేగా?”

“మా ఆయన గుర్రాలు తోలేవాడు దొరగారూ. లాగేవి గుర్రాలు. ఎదురు ప్రవాహంలో ఒక్క ఉప్పు పడవ పైకి రావాలంటే ముప్ఫై గుర్రాలు కట్టేవాళ్లు. చలికాలంలో గుర్రాన్ని కడుపు తడిసేంత నీళ్లలోకి దింపాడనుకోండి, యజమాని మా ఆయన వీపు చీరేసేవాడు. గుర్రం దగ్గితే ఆ రోజుకి పని బంద్. గుర్రం బతికితేనే యజమాని బతుకు.”

“అదే నేనూ చెప్పేది. మనుషులకి అంతకంటే ఎక్కువ జాగ్రత్త తీసుకుంటారు. నెలనెలా నివేదిక వస్తుంది నాకు.”

“వస్తుందేమోలెండి. వస్తానండి నేను.”

“వీట్ సంగతి కూడా అందులో ఉంది. ఇదిగో, చూపిస్తా. ‘వీట్, గుర్రాలు తోలేవాడి కొడుకు, ఇరవై ఆరేళ్లు. ఆరోగ్యంగా ఉన్నాడు, పని చేస్తున్నాడు.’ పోయిన నెలదే. చూశావా? ఇప్పుడేమంటావు?”

“అలాగని రాశారా అండి.”

“నీ కొడుకు క్షేమంగా ఉన్నాడని చెప్తున్నానమ్మా!”

“నేను వెళ్లి వచ్చా దొరగారూ.”

“ఎక్కడికి?”

“అక్కడికే. హంగరీకి. వసంతంలో బయల్దేరా. కొంత నడక, కొంత పడవ, మొత్తం నలభై రోజులు పట్టింది.”

“ఒక్కదానివే? దారిఖర్చులకి?”

“లెంజ్ ఇచ్చాడు. ఎక్కడివిరా అని అడగలేదు. తల్లిని కదా, పెద్దాడి మొహం చూడాలన్న ఆత్రంలో ఉన్నా. అడగలేదు. ఆ గిన్నె సంగతి వాణ్ని పట్టుకున్నాక తెలిసింది.”

“అయితే ఆ వెండి గిన్నె...”

“నా ప్రయాణమేనండి అది. వదిలెయ్యండి. చెప్పి ఏం ప్రయోజనం?”

“చెప్పు. నేను వినాలి. వీట్‌ని చూశావా?”

“వాడి చొక్కాని చూశా.”

“చొక్కానా?”

“నేను బట్టలుతికేదాన్ని కదండీ. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి మెడపట్టీ లోపల దారంతో గుర్తు కుడతాం. నా పిల్లల గుర్తు ఎర్రదారంతో మూడు కుట్లు. గట్టుమీద వరసగా లాగుతున్నారు మనుషులు, ఒకడి మెడకీ ఇంకొకడి మెడకీ గొలుసు. నడుము దాకా బురదనీళ్లు. ఆ వరసలో ఒకడి మెడ దగ్గర పట్టీ తిరగబడి ఉంది, మూడు ఎర్ర కుట్లు. పరిగెత్తా. పరిగెత్తి చూస్తే వేరేవాడు.”

“వేరేవాడా? మరి వీట్?”

“కాపలావాణ్ని అడిగితే, వీడే వీట్ అన్నాడు. కాదయ్యా, నేను కన్నదాన్ని అన్నా. వీట్ అని పిలిస్తే పలుకుతున్నాడు కదమ్మా, అయితే వీడే అన్నాడు.”

“అదెలా?”

“పోయినవాడి పేరు కొట్టేస్తే పైనుంచి రొట్టె తగ్గిపోతుందటండి. అందుకని కొట్టెయ్యరు. కొత్తగా వచ్చినవాణ్ని ఆ పేరుకే పలకమంటారు. వాడు రెండు పేర్లకి పలుకుతున్నాడు దొరగారూ. తనదొకటి, నా బిడ్డదొకటి. పోయినవాడి వంతు రొట్టె మాత్రం కాపలావాడికి.”

“లేదు. అలా జరగడానికి వీల్లేదు. ఈ నివేదికలో నూట తొంభై మంది... సంతకాలున్నాయి, ముద్రలున్నాయి...”

“ఉంటాయండి. ఆ చొక్కా వేసుకున్న మనిషి మంచోడు పాపం. మధ్యాహ్నం పూట చెప్పాడు. తలకాయంత రాయి మీద కాలు జారిందట మావాడికి. పడ్డాడు. గొలుసు ఉంది కదా, మిగతావాళ్లు ఆగుదామన్నారు. ఆగితే పడవ వెనక్కి పోతుందని కొరడా పట్టుకున్నవాడు ఆగనివ్వలేదు. అలాగే లాక్కుపోయారు. మళ్లీ ఎండు గట్టు వచ్చేదాకా. గుర్రం పడితే ఆగుతారండి. నాకు తెలుసు, మా ఆయన ఆగేవాడు. తాడు కోసేసేవాడు. అందుకే చెప్పనన్నా. మీకు అన్నం సయించదు ఇప్పుడు.”

“నూట తొంభై మంది. ఈ నూట తొంభై మందిలో ఎంతమంది...”

“నేను లెక్కపెట్టినప్పుడు బతికున్నవాళ్లు అరవై దాకా ఉంటారు.”

“భగవంతుడా.”

“వస్తానండి.”

“కూర్చో! కూర్చోమన్నాను! లెంజ్ కాగితం ఎక్కడ... ఇది కాదు... ఇదిగో. వయసు ఇరవై రెండు. చేతిపని: ఏదీ లేదు. ఏమీ రాదా వాడికి?”

“రాకపోవడమేంటండి! ఏడేళ్లు తాళాల పని నేర్చాడు. ఈ ఊళ్లో మా వాడి చెయ్యి పడని తాళం ఉందా?”

“తాళాల పని? మరి న్యాయాధికారి అడిగితే ఏ పనీ రాదన్నాడే?”

“అనక ఏం చేస్తాడండి? సంఘం పేరు ఎలా చెప్తాడు? తాళాలవాళ్ల సంఘంలో చేరేటప్పుడు సంఘం కాగితాలుండే పెట్టె మూత తీసి, దాని ముందు నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు, ఇంటివాళ్లు పిలవకుండా తాళం ముట్టుకోనని. వీడేమో మఠం తలుపు తీశాడు. ఒక్కడు జైలుకి పోతే సంఘం మొత్తానికి మైలండి. వాళ్ల గురువుని ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు, ఆయన కూతుర్ని ఎవరూ చేసుకోరు. అన్నం పెట్టిన ఇంటికి మచ్చ తేవడం దేనికని నోరు మూసుకున్నాడు.”

“మూర్ఖుడు! అయ్యో, ఎంత మూర్ఖుడు! అమ్మా, నీకు తెలియదా? ఈ పడవల శిక్ష చట్టంలో తొమ్మిదో షరతు ఉంది!”

“ఏం షరతండి?”

“నేనే రాశాను. నేనే రాసి నేనే మరచిపోయాను. ‘నగరానికి కావలసిన చేతిపని వచ్చినవాణ్ని పడవలకి పంపనక్కర్లేదు. ఇక్కడే ఖైదులో పెట్టి ఆ పని చేయించుకోవచ్చు.’ కొత్త ఆసుపత్రి కడుతున్నారు, ఎన్ని గదులో, ఎన్ని తలుపులో! తాళాలవాళ్లు దొరక్క ఏడుస్తున్నారు. ఒక్క మాట, తాళాల పని వచ్చు అని ఒక్క మాట అంటే చాలు, వాడు ఊరు దాటక్కర్లేదు!”

“మీరిందాక ఏ దారీ లేదన్నారు.”

“ఉరికి లేదన్నాను. బతకడానికి ఉంది.”

“లేదన్నారండి. రెండుసార్లు అడిగా. లేదన్నారు.”

“నాకు వాడి పనేమిటో తెలిస్తే కదా! అచ్చువేయించి ప్రతి చర్చి తలుపుకీ అంటించాం ఆ షరతుల్ని. ఎవరూ చదవలేదా నీకు?”

“మా పేట చర్చి తలుపుమీద ఏదో కాగితం ఉండేదండి. వానకి తడిసి పోయింది.”

“సరే, ఇప్పుడేం మించిపోలేదు. పడవ రేపు కదా. కలం... ఇదిగో, రాస్తున్నా.”

“రాయకండి దొరగారూ.”

“ఏం?”

“వద్దండి. సంఘానికి మైల. వాడు ఒప్పుకోడు.”

“వాడి మొహం! సంఘం పెద్దల్ని నేను పిలిపించి మాట్లాడతా. ఈ మైలా మడీ కూడా తీసిపారేస్తున్నారు చక్రవర్తిగారు.”

“రాయొద్దు బాబూ, మీకు దణ్ణం పెడతా. ఇందాకటి మాటే ఉండనివ్వండి. కాదన్నారు కదా, కాదనే ఉండనివ్వండి.”

“తలుపు కొట్టేదెవరు? రెసీ, నువ్వా?”

“నేనే అయ్యగారూ. సభకి పిలిచినవాళ్లు ముందుగదిలోకి వచ్చి అరగంటయింది. ఉరిశిక్ష రద్దుమీద మీరు వ్యాసం చదువుతారని కాసుక్కూర్చున్నారు. కాఫీలు కూడా అయిపోయాయి.”

“ఇవాళ చదవనని చెప్పు.”

“ఏమని చెప్పనయ్యగారూ?”

“వ్యాసం తప్పని చెప్పు. ఒంట్లో బాగాలేదని చెప్పు. ఏదో ఒకటి చెప్పి పంపించెయ్. తలుపు వేసి పో.”

“దొరగారూ, నన్ను కూడా ఆ అమ్మాయితో పాటే పోనివ్వండి.”

“ఒక్క నిమిషం. ‘...ఈ ఖైదీ తాళాల పనిలో ఏడేళ్ల అనుభవం గలవాడని తెలిసినందున, తొమ్మిదో షరతు ప్రకారం...’ నెలకోసారి చూడొచ్చు నువ్వు. బట్టలు కూడా నువ్వే ఉతికివ్వొచ్చు, మూడు ఎర్ర కుట్లు వేసి. ‘...నగరంలోనే ఉంచవలెను.’ సంతకం. ముద్ర. ఇదిగో. లక్క ఇంకా వేడిగా ఉంది, జాగ్రత్త. జైలు అధికారి చేతికే ఇవ్వు. పరిగెత్తు! తీసుకో. చెయ్యి చాపవేం? నీ కొడుకు ప్రాణం అమ్మా ఇది!”

“నిన్న ఆదివారం దొరగారూ.”

“అయితే?”

“ఆదివారం తల్లుల్ని లోపలికి రానిస్తారు. ఒక సీసా పట్టుకెళ్లా. గసగసాల కాయల నీళ్లు. నిన్న మాత్రం చెంచాతో కొలవలేదు.”

“ఏమిటి... ఏమిటి నువ్వు... వాడు నిద్రపోతున్నాడన్నావు!”

“నిద్రలోనే పోయాడండి. పడవ రేపే కదా అని బతిమాలితే ఇవాళ పొద్దున కూడా రానిచ్చారు, కాపలావాడు తలుపు తీయగానే ముందు నేనే వెళ్లా. కళ్లు మూసి, మొహం గోడవైపు తిప్పి, పిల్లాడు నిద్రపోతున్నాడు లేపకండి అని చెప్పొచ్చా. రొట్టె అలా పక్కకి తోసెయ్యక్కర్లేదు దొరగారూ, అది ఉత్త గింజలతో చేసిందే.”

“వాడికి... వాడికి తెలుసా?”

“తెలుసండి. మూత తీసి వాసన చూసి నవ్వాడు. చిన్నప్పటి మందు తెచ్చావా అమ్మా అన్నాడు. అన్నలాగా వద్దు, ఇదే నయం అన్నాడు. నా ఒళ్లో తల పెట్టుకుని ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.”

“చచ్చిపోయినవాడికి ఉరి వెయ్యమని అడగడానికి వచ్చావా? ఎందుకు? ఎందుకొచ్చావమ్మా నా దగ్గరికి?”

“మీరు కాదంటారని వచ్చానండి. ఇంకే దారీ లేదని మీ నోటితో ఒక్కమాట వింటే, నేను చేసింది తప్పు కాదనుకుని ఇంటికి పోయి పడుకుందామని వచ్చా. మీరూ అన్నారు. అప్పుడే నన్ను పోనివ్వాల్సింది దొరగారూ.”